బ్యాంకాక్‌లో మా మొదటి రోజు: పడవలు, గుళ్ళు, రొయ్యలు (నరసాపురం నుంచి)

వశిష్ఠ_రేవు
అందరికీ నమస్కారమండి. బయలుదేరే ముందు ఈ ఫోరంలో ప్రశ్నలతో అందర్నీ చంపేశాను కాబట్టి వెళ్ళాక ఏమైందో చెప్పడం ధర్మం. మా ఆవిడ పడుకుంది. నాకు నిద్ర పట్టట్లేదు. ఇక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది, దానికి తోడు కాళ్ళు లాగేస్తున్నాయి.

రాత్రి విశాఖలో ఎక్కితే తెల్లవారుజామున డాన్ ముయాంగ్‌లో దిగాం. ఇమిగ్రేషన్ దగ్గర ఊరికే టెన్షన్ పడ్డాం, పెద్దగా ఏమీ అడగలేదు. 2025 మే నుంచి ఆన్‌లైన్ అరైవల్ కార్డు తప్పనిసరి చేశారు, దిగే తేదీకి మూడు రోజుల లోపు నింపాలి. అది ఉచితం. డబ్బులడిగే సైట్లు ఉన్నాయి, వాటి జోలికి పోకండి. వీసా రూల్సు మారుతూ ఉంటాయి, టికెట్టు కొనేముందే చూసుకోండి.

హోటల్ సపాన్ తక్సిన్ స్టేషన్ పక్కన తీసుకున్నాం. కారణం ఒక్కటే, స్టేషన్ కిందే పడవల రేవు. గది మధ్యాహ్నం గానీ ఇవ్వమన్నారు. సామాను అక్కడ పడేసి, మొహాలు కడుక్కుని రేవుకి పోయాం. చావో ఫ్రాయా నది మీద నారింజ జెండా పడవ, ఎక్కడ దిగినా మనిషికి 16 బాత్‌లు. బాత్‌ని మూడు రూపాయలకి కాస్త తక్కువ అనుకోండి. కండక్టరమ్మ చేతిలో పొడుగాటి రేకు గొట్టం, చిల్లరా టికెట్లూ అందులోనే. దాన్ని టకటకలాడిస్తూ వస్తుంది, ఎవరూ టికెట్ టికెట్ అని అరవక్కర్లేదు. పడవ వెనక తాడు పట్టుకుని ఒక కుర్రాడు నిలబడతాడు. రేవు దగ్గరయ్యేకొద్దీ వాడు ఈల వేస్తాడు. పొడుగు ఈల, పొట్టి ఈల. ముందు కూర్చున్న డ్రైవరుకి వెనక్కి చూసే పనే లేదు, ఆ ఈలను బట్టే పడవను అంగుళం అంగుళం జరుపుతాడు. తాడు గుంజకి చుట్టడం, జనం దిగడం, ఎక్కడం, తాడు విప్పడం, అంతా నేను చెప్పేలోపు అయిపోతుంది. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు కోసం నిలబడి సగం జీవితం గడిపినవాణ్ణి, నాకు ఆ రాజభవనం కంటే ఇదే బాగుంది. ఈ మాట మా ఆవిడ లేచాక ఒప్పుకోదు.

తా చాంగ్ రేవులో దిగి గ్రాండ్ ప్యాలెస్. మనిషికి 500 బాత్‌లు. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. నిక్కర్లతో వచ్చినవాళ్ళని ఆపేసి ఏనుగుబొమ్మల పైజామాలు కొనిపిస్తున్నారు. తర్వాత వాట్ ఫో, అక్కడ 46 మీటర్ల పడుకున్న బుద్ధుడు. అక్కణ్ణించి తా తియెన్ రేవులో 5 బాత్‌లిచ్చి నది దాటి వాట్ అరుణ్. హోటల్‌కొచ్చి స్నానం, గంట నిద్ర. రాత్రి మెట్రోలో చైనాటౌన్, అదే యావరాత్ రోడ్డు. తిండి సంగతి రేపు రాస్తా, కళ్ళు మూతలు పడుతున్నాయి.

కాకినాడ_కుర్రోడు
అన్నా, బ్యాంకాక్ వెళ్ళి మొదటి రోజే మూడు గుళ్ళా? అవి మన ద్రాక్షారామంలో లేవా? మాల్స్, రూఫ్‌టాప్, చాటుచాక్ మార్కెట్... మొదటి రోజు వాటికే ఇవ్వాలి. ఎండలో తిరిగి రెండో రోజు మంచం మీదుంటారు.

చింతచిగురు
నేను ఈయన భార్యని. ఇప్పుడే లేచి చదివాను. తమ్ముడూ, మాల్స్ రాత్రి పది దాకా తెరిచే ఉంటాయి. ప్యాలెస్ ఎనిమిదిన్నరకి తెరిచి మూడున్నరకి టికెట్లు ఆపేస్తుంది, ఎండ ముదరక ముందు వెళ్ళకపోతే లోపల నీడ లేదు. ఇంక గుళ్ళు అంటావా, ప్యాలెస్‌లోని మరకత బుద్ధుడి గుడి చుట్టూ ఉన్న వసారా గోడల మీద రామాయణం మొత్తం ఉంది. 178 చిత్రాలు. ఈయన రేవు, తాడు, ఈల అని పేజీ రాసి దీనికి ఒక్క ముక్క రాయలేదు చూడండి.

దాన్ని వాళ్ళు రామకియన్ అంటారు. ఇప్పటి రాజవంశానికి మూలపురుషుడైన మొదటి రాముడు (రాజులందరికీ రాముడనే పేరు) 1782లో ఈ ప్యాలెస్ కట్టడం మొదలుపెట్టాడు, ఆయన హయాంలోనే రామకియన్ కావ్యంగా కుదిరింది. జనకుడు నాగలి దున్నుతుంటే సీత దొరికే చోటు నుంచి కథ మొదలవుతుంది. అక్కడి నుంచి వరసగా పోతూ ఉండాలి. రావణుడు ఆకుపచ్చగా ఉంటాడు, పేరు తోసకన్, అంటే మన దశకంఠుడే. హనుమంతుడు తెల్లగా ఉంటాడు. మూలమూలలా బంగారం పూత. ఒక చిత్రంలో హనుమంతుడు తన శరీరాన్నే వంతెనలా చాచి సైన్యాన్ని దాటిస్తాడు, తోక పట్టుకుని ఒక కోతి, వెనక మరొకటి. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. గుడి లోపలి విగ్రహం చాలా చిన్నది, 66 సెంటీమీటర్లు, పేరు మరకతమైనా రాయి జేడ్. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని ఏడాదికి మూడుసార్లు రాజే స్వయంగా దానికి బట్టలు మారుస్తాడు. లోపల ఫొటోలు తీయకూడదు.

ఇంకొకటి. అదే 500 టికెట్టుతో సాలా చలెర్మ్‌క్రుంగ్ థియేటర్లో ఖోన్ ప్రదర్శన చూడొచ్చు. ముసుగులు పెట్టుకుని రామకియన్ ఆడతారు, అరగంట లోపే అయిపోతుంది. శని, ఆదివారాలు ఉండదు. సగం మంది ఆ టికెట్టు ముక్కని గేటు దాటగానే పారేస్తున్నారు.

సాత్త్వికం_అమలాపురం
చాలా బాగా రాశారమ్మా. ఒక అనుమానం. అక్కడ హనుమంతుడికి పెళ్ళి చేసేశారని విన్నాను, నిజమేనా? ఆయన బ్రహ్మచారి కదండీ.

చింతచిగురు
పెళ్ళి సంగతి నాకు తెలీదు పిన్నిగారూ, ప్రేమ మాత్రం ఉంది. సేతువు కడుతుంటే రావణుడి కూతురు సువన్నమచ్చ అనే మత్స్యకన్య రాళ్ళు ఎత్తుకుపోతుందట. హనుమంతుడు నీళ్ళలో దూకి పట్టుకోబోయి మనసిచ్చాడు. వాళ్ళ కొడుకు మచ్చాను. వాడు పాతాళంలో మైయరాప్ కోటకి కాపలా ఉంటాడు, తండ్రీకొడుకులు ఒకర్నొకరు ఎరక్కుండా కొట్టుకుంటారు.

ఇది విన్నాక మీకేమీ గుర్తు రావట్లేదా? మన మైరావణుడి కథ! అందులో హనుమంతుడి కొడుకు మత్స్యవల్లభుడు! మన తోలుబొమ్మలాటలో హనుమంతుడి చెమట చుక్క చేప మింగితే పుట్టాడంటారు, అక్కడ చెమట చుక్క దాకా పోకుండా తిన్నగా చెప్పేశారు, అంతే తేడా.

లాకుల_మాస్టారు
అమ్మాయీ, మైరావణుణ్ణి గుర్తు చేసి పుణ్యం కట్టుకున్నావు. చిన్నప్పుడు మార్టేరు దగ్గర తెల్లవార్లూ చూశాం.

నేను నీటిపారుదల శాఖలో చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నా గోల నాది. మీరు పడవెక్కింది కూడా డెల్టాలోనే. బ్యాంకాక్ అంతా చావో ఫ్రాయా డెల్టా మెత్తటి మట్టి మీదే ఉంది. సముద్రం ఎంతో దూరం లేదు, ఆటుపోట్లు ఊళ్ళోకి వస్తాయి. వాట్ అరుణ్ వెనకాల కాలువలు చూశారు కదా, ఒకప్పుడు ఊరంతా అంతే, తర్వాత చాలావాటిని పూడ్చి రోడ్లు వేశారు. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర 1852కే పూర్తిచేశాడు. అక్కడ ఒక డచ్ ఇంజనీరు, వాన్ డెర్ హైడె, 1903లో చావో ఫ్రాయా మీద ఆనకట్ట కట్టమని రిపోర్టు ఇస్తే డబ్బు లేదని పక్కన పెట్టారు. చైనాట్ దగ్గర ఆ డ్యామ్ లేచేసరికి 1957 అయింది. మనకంటే నూరేళ్ళు వెనక. అయినా బియ్యం ఎగుమతిలో వాళ్ళు ప్రపంచంలో పెద్దవాళ్ళ వరసలో ఉన్నారు. మనం ఆ నూరేళ్ళు ఏం చేశాం అని అడిగితే గొడవలవుతాయి, నేనడగను.

రొయ్య_రైతు_భీమవరం
మాస్టారూ, మీరు అడగనంటూనే అడిగేశారు 😀

అన్నయ్యగారూ, రామాయణం అయింది, ఆనకట్ట అయింది. టైటిల్లో రొయ్యలు అని రాశారు. ఇంతవరకు ఒక్క రొయ్య రాలేదు. ఏ రొయ్య? కౌంట్ (కిలోకి ఎన్ని) ఎంత? రేటు ఎంత? పెద్దవే పెడుతున్నారా?

వశిష్ఠ_రేవు
వస్తున్నా వస్తున్నా. పొద్దున్నే టిఫిన్ తిని కూర్చున్నాను.

ముందు మధ్యాహ్నం భోజనం. తా తియెన్ రేవు పక్క సందులో నాలుగు బల్లల కొట్టు. సోం తం చెప్పాం, పచ్చి బొప్పాయి కోరు. మట్టి రోట్లో చెక్క రోకలితో దంచుతోంది ఒకావిడ. వెల్లుల్లి, పచ్చిమిర్చి ముందు. తర్వాత ఎండు రొయ్యలు! మా ఆవిడ నన్ను గిల్లింది. తర్వాత తాటిబెల్లం, నిమ్మరసం, చేపల ఊట (నాం ప్లా అంటారు), వేరుశనగపప్పు, టమాటా, చివర్న బొప్పాయి. ఒక చేత్తో దంచుతూ రెండో చేత్తో గరిటతో తిరగేస్తూ ఉంది, ఒక్క దెబ్బ గరిటకి తగల్లేదు. కారం ఎంత అని వేళ్ళు చూపించి అడిగింది. మా ఆవిడ ఐదు చూపించింది. ఆవిడ నవ్వి మూడే వేసింది. ఆ మూడింటికే నాకు చెవుల్లోంచి పొగ. మనది ఎండుమిర్చి కారం, మెల్లగా ఎక్కుతుంది. ఆ చిట్టి మిరపకాయ నాలిక మీద పెట్టగానే పని కానిస్తుంది.

బల్ల మీద నాలుగు గిన్నెలు ఉంటాయి: పంచదార, కారప్పొడి, చేపల ఊట, మిర్చి వేసిన వెనిగర్. పక్కన కూర్చున్నాయన నూడుల్స్‌లో చెంచాడు పంచదార వేసుకున్నాడు. నేను నోరు తెరుచుకు చూస్తుంటే నా వైపు గిన్నె జరిపాడు. వేసుకున్నాం. బాగుంది, ఏం చెప్పమంటారు.

ఇక యావరాత్. చీకటి పడేసరికి రోడ్డుకి రెండువైపులా బండ్లు, ఎర్ర నియాన్ బోర్డులు, పొగ. ఒకచోట మంచు మీద పేర్చి ఉన్నాయి. చూడగానే తెలిసిపోయింది, మన నీలకంఠం రొయ్యే, స్కాంపి. నీలం కాళ్ళు, పొడుగాటి డెక్కలు. కిలోకి ఆరేడు తూగేవి. నిలువునా చీల్చి బొగ్గుల మీద పెడతారు, తలలోని నారింజ కొవ్వు అక్కడే బుడబుడ ఉడుకుతుంది. దాన్ని చెంచాతో తీసి వేడన్నంలో కలుపుకోవాలట, పచ్చిమిర్చి, వెల్లుల్లి, నిమ్మరసం నూరిన ఆకుపచ్చ పులుసుతో. మసాలా లేదు, నూనె లేదు. మా అమ్మ చూస్తే ‘ఇది వంటేనా’ అంటుంది. నేను మాత్రం తల ఒక్కటీ వదల్లేదు. రేటు బరువు మీద, బండిని బట్టి మారుతుంది. తూచక ముందే అడగండి, తూచాక అడిగితే మొహమాటమే మిగులుతుంది.

రొయ్య_రైతు_భీమవరం
ఆరేడు కౌంట్ స్కాంపి! మా చెరువుల్లో స్కాంపి వేసిన రోజులు గుర్తొచ్చాయి. ఇప్పుడంతా వనామి రకం రొయ్యే. మనకి 2009లో దాన్ని వేసుకోమని అనుమతి ఇచ్చారు, థాయ్‌వాళ్ళు మనకంటే ఎంతో ముందున్నారు. 2012 తర్వాత అక్కడ ఈఎంఎస్ (రొయ్యలు ఎదగక ముందే చచ్చిపోయే జబ్బు) కొట్టి చెరువులకి చెరువులు ఖాళీ అయ్యాయి. ఆ టైములోనే అమెరికా కొనుగోలుదారులు మన వైపు తిరిగారు. భీమవరంలో కొన్ని మేడలు ఆ లెక్కలోవే, దాచేదేముంది. ఇప్పుడు మనల్ని తినేస్తున్న ఈహెచ్‌పీ (రొయ్యని ఎదగనివ్వని పరాన్నజీవి)కి కూడా 2009లో పేరు పెట్టింది థాయ్ టైగర్ రొయ్యలో చూసే.

అన్నయ్యగారూ ఒక్క ఉపకారం. ఊరు చివర మహాచాయి అని ఉంది, సముత్ సాఖోన్ జిల్లా. వోంగ్వియన్ యాయ్ స్టేషన్ నుంచి చిన్న రైలు పోతుంది. అక్కడి రొయ్యల మార్కెట్, ప్రాసెసింగ్ ప్లాంట్లు చూసి నాలుగు ఫొటోలు పెట్టండి. మంచు ఎలా వేస్తున్నారు, గ్రేడింగ్ ఎలా చేస్తున్నారు, అవి చాలు.

సాత్త్వికం_అమలాపురం
మీ రొయ్యలు చదివి కడుపు నిండింది నాయనా. మాలాంటి వాళ్ళ గతేంటి? వచ్చే శీతాకాలం మావారూ నేనూ అనుకుంటున్నాం. ఉల్లి, వెల్లుల్లి కూడా తినం.

చింతచిగురు
పిన్నిగారూ, మీకే అక్కడ సులువు, నమ్మండి. పసుపు జెండా మీద ఎర్రక్షరాలతో ‘జే’ అని థాయ్‌లో రాసిన కొట్లు ఉంటాయి. ఆ గుర్తు ఫోన్లో ఫొటో పెట్టుకోండి. వాళ్ళు మాంసం, చేప, గుడ్డుతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. చైనావాళ్ళ వ్రతం అది. సెప్టెంబరు, అక్టోబరుల్లో తొమ్మిది రోజులు యావరాత్ అంతా ఆ జెండాలేనట.

జే గుర్తు లేని చోట మాత్రం ‘మాంసం వద్దు’ అంటే చాలదు. మాంసం తీసేసి చేపల ఊట పోస్తారు, వాళ్ళ దృష్టిలో అది ఉప్పే. ‘మై సై నాం ప్లా’ అనాలి. అయినా గ్యారంటీ లేదు. నమ్మకంగా తినాలంటే పహురత్ పొండి, అది అక్కడి ఇండియన్ బజారు, యావరాత్ పక్కనే. శాకాహారం హోటళ్ళు ఉన్నాయి, పెద్ద గురుద్వారా ఉంది. సీలోంలో తమిళులు కట్టిన మారియమ్మ గుడి కూడా ఉంది, దణ్ణం పెట్టుకుని రావచ్చు.

ఇంక మీరు వదలకూడనివి రెండు. మామిడిపండుతో జిగురన్నం, పైన ఉప్పు తగిలిన కొబ్బరిపాలు. రెండోది ఖనోం క్రోక్. బియ్యప్పిండి, కొబ్బరిపాలు గుంటల పెనం మీద పోసి కాలుస్తారు, అచ్చం మన గుంటపొంగనాల్లాగే, కాకపోతే తియ్యగా, లోపల జారుగా. పైన ఉల్లికాడలు చల్లుతారు కొందరు, వద్దని చెప్పండి. కొబ్బరిబోండాలు కూడా తాగాం. చిన్నవి, తెల్లగా చెక్కినవి, నీళ్ళకి ఒక సువాసన. కోనసీమ వాళ్ళతో పోట్లాట నాకెందుకు గానీ, లేత కొబ్బరి మాత్రం వాళ్ళదే బాగుంది.

కాకినాడ_కుర్రోడు
అంబాజీపేట నుంచి ఎవరైనా ఉంటే ఈ అక్కకి సమాధానం చెప్పండి, నేను తట్టుకోలేను 😂
టుక్‌టుక్ వాళ్ళు మోసం చెయ్యలేదా? మా ఫ్రెండ్‌ని రత్నాల కొట్టుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు.

వశిష్ఠ_రేవు
వచ్చాడొకాయన. ప్యాలెస్ గోడ పక్కన నడుస్తుంటే చొక్కా టక్ చేసుకుని, మెళ్ళో కార్డు వేసుకుని, ‘ఇవాళ పూజలు, ప్యాలెస్ మూసేశారు, 20 బాత్‌లకి నాలుగు గుళ్ళు తిప్పుతా’ అన్నాడు. ఈ మాట ఇక్కడ ఎన్నిసార్లు చదివానో! నవ్వి ముందుకి పోయాం. గేటు బార్లా తెరిచే ఉంది. 20 బాత్‌లకి నాలుగు గుళ్ళంటే మధ్యలో రత్నాల కొట్టు, దర్జీ కొట్టు ఉన్నట్టే.

పాలకొల్లు_కొత్తజంట
అక్కా, అన్నయ్యా, సంక్రాంతి తర్వాత మేం వెళ్తున్నాం. అత్తగారు, మావగారు కూడా వస్తామంటున్నారు (నవ్వకండి). మావగారికి మోకాళ్ళ నొప్పులు. ఇదే ప్లాన్ ఒక్క రోజులో అవుతుందా? ఏది తీసెయ్యాలి?

చింతచిగురు
నవ్వలేదమ్మా, బతికి బట్టకట్టాలని కోరుకుంటున్నాను. పెద్దవాళ్ళతో అయితే వాట్ అరుణ్ ఎక్కడం తీసెయ్. మెట్లు నిటారుగా ఉంటాయి, ఎక్కడం కంటే దిగడం కష్టం. దూరం నుంచి పింగాణీ ముక్కల మెరుపు ఇవతలి ఒడ్డునుంచే బాగుంటుంది, సాయంత్రం తా తియెన్ వైపు కూర్చుంటే చాలు. వాట్ ఫో మాత్రం ఉంచు. బుద్ధుడి అరికాళ్ళ మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 గుర్తులు చూడాలి. వెనకవైపు 108 కంచు గిన్నెలు వరసగా ఉంటాయి, చిల్లర తీసుకుని ఒక్కోదాన్లో ఒక్కో నాణెం వేసుకుంటూ పోవాలి. మీ అత్తగారికి అది నచ్చకపోతే నన్ను అడుగు. మావగారిని అక్కడే మసాజ్ బడిలో పడుకోబెట్టండి, థాయ్ మసాజ్‌కి పేరున్న చోటు. నొప్పి ఎక్కడో ముందే చెప్పండి, వాళ్ళు మెత్తగా ఏమీ నొక్కరు.

ప్యాలెస్ నుంచి వాట్ ఫోకి మ్యాపులో దగ్గరే కనిపిస్తుంది గానీ ఎండలో నడిపించకండి, కారు బుక్ చేసుకోండి. రాత్రి యావరాత్ బదులు హోటల్ దగ్గర ఏదైనా తినెయ్యండి, ఆ తోపులాట పెద్దవాళ్ళకి పనికిరాదు. మీరిద్దరూ వాళ్ళని పడుకోబెట్టి వెళ్ళొచ్చు.

లాకుల_మాస్టారు
ఇంకో మాట. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఆరుకి స్టేషన్లలో జాతీయగీతం వస్తుంది, అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగుతారు, మీరూ ఆగండి. రాజుగారి మీద జోకులు వేసి ఫేస్‌బుక్‌లో పెట్టకండి, అక్కడి చట్టంలో పదిహేనేళ్ళ దాకా జైలు ఉంది. కుర్రాళ్ళు ఈ-సిగరెట్లు జేబులో పెట్టుకెళ్ళకండి, అవి నిషేధం.

కాకినాడ_కుర్రోడు
మాస్టారూ, నా వైపు చూస్తున్నారేంటి.

రొయ్య_రైతు_భీమవరం
మహాచాయి సంగతి తేల్చలేదు అన్నయ్యగారూ.

వశిష్ఠ_రేవు
నాకు ఇష్టమే. పొద్దున్నే రైలు ఎక్కితే మధ్యాహ్నానికి వచ్చెయ్యొచ్చు. పై అధికారి అనుమతి రావాలి.

చింతచిగురు
డబ్బు పెట్టి విమానమెక్కి వచ్చి, భీమవరంలో రోజూ కనపడే రొయ్యల మార్కెట్ చూడాలా? సరే, వెళ్దాం. షరతు ఒక్కటి: సాయంత్రం ఖోన్ ప్రదర్శనకి కదలకుండా కూర్చోవాలి, మధ్యలో ఫోన్ తీసి కౌంట్ రేట్లు చూడకూడదు. రైతుగారూ, మీరూ ఆ అరగంట మెసేజ్‌లు పెట్టకండి.

రొయ్య_రైతు_భీమవరం
ఆయ్, అలాగేనండి వదినగారూ. గ్రేడింగ్ ఫొటో దగ్గర్నుంచి తీయమనండి, దూరంనుంచి తీస్తే సైజు తెలీదు.